పక్కకు తీసిన నీళ్లు

ఆట తయారు చెయ్యడానికి సర్కారు ఒక వడ్రంగికి జీతమిచ్చిందంటే మీరు నమ్మరు. నమ్మకండి. ఆ పని నాకు అప్పగించిన రోజున నేనూ నమ్మలేదు. ఇందులో ఏదో మతలబు ఉందనే అనుకున్నాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, మీ కాలంలో పని ఎట్లా ఉండేదని నన్ను అడుగుతుంటారు. మీకున్నట్టే ఉండేది. పైవాడు కిందివాణ్ణి నమ్మడు, కిందివాడు పైవాణ్ణి నమ్మడు, ఊరు ఇద్దరినీ నమ్మదు. తేడా ఏమంటే మాకు జీపు ఒకటే ఉండేది, అది కూడా తోస్తేనే కదిలేది.

యాభైల నాటి మాట. ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసి ఎంతో కాలం కాలేదు. బ్లాకు ఆఫీసులు కొత్తగా పెడుతున్నారు. నాది రాయచోటి దిక్కు. ఆలూరు పక్క ఒక బ్లాకు ఆఫీసులో వడ్రంగిగా చేరాను. కుర్చీలు, బల్లలు, పారలకు పిడులు, రైతులకు చూపించడానికి కొత్త రకం గొర్రు నమూనాలు, ఇదీ నా పని. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఎవరైనా కాగితం చేతికిస్తే, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాననేవాణ్ణి. నాకు కళ్లద్దాలే లేవు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో.

మా ఆఫీసులో రైతులకు మంచీచెడ్డా బోధించే అధికారి ఒకాయన ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చాడు. చిన్నవయసు, ఇస్త్రీ చొక్కా, ఎవరినైనా మీరు అనే పిలుపు. అంత మర్యాదగా మాట్లాడేవాళ్లంటే నాకు భయం. ఒకరోజు నా పనిశాలకు వచ్చి చెక్కపొట్టు మీదే కూర్చున్నాడు.

"ఆచారిగారూ, మీరొక ఆట చెయ్యాలి" అన్నాడు.

పిల్లల బొమ్మలేమో అనుకున్నాను. కాదట. పెద్దవాళ్లు కూర్చుని ఆడేది. పులిజూదం, బారాకట్ట లాంటిది, కానీ వాటిలో ఏదీ కాదు.

సంగతి ఇది. మాకు ఆరు మైళ్ల దూరంలో ఒక ఊరు. అక్కడ ఒక వంక, వాన పడితే పారే వాగు. వంక ఒడ్డున వరసగా మూడు చేండ్లు. పైచేను ఒక పెద్ద రైతుది. నడిమిచేను ఊళ్లో అంగడి పెట్టుకున్న శెట్టిది. కిందిచేను మొగుడు పోయిన ఒక ఆడమనిషిది. ఆమెకు ఉన్నది ఆ నల్లరేగడి నేల, ఒక ఎద్దు. వాన పడినప్పుడల్లా వంక తెగబడి వచ్చి ఆమె చేనులో ఒక పక్క కోసుకుపోయేది. నేను చూసేసరికే మూడో వంతు పోయింది. పైచేను దాటగానే వంకకు అడ్డంగా చిన్న రాతికట్ట వేస్తే నీళ్ల ఉరవడి తగ్గుతుంది, మూడు చేండ్లకూ పదును నిలుస్తుంది. కట్టకు మంజూరు వచ్చింది. కానీ ముంగారు వానలు మొదలయ్యేలోపల ముగ్గురూ ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. వెయ్యకపోతే ఆ మంజూరు ఇంకో ఊరికి పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అప్పటికి ఆమెకు చేనంటూ మిగలదు.

ఆమె వేస్తానంది. శెట్టి, పైచేనాయన వేస్తే వేస్తానన్నాడు. పైచేనాయన వెయ్యనన్నాడు. ఎందుకో చెప్పలేదు.

"నేను నాలుగుసార్లు వెళ్లి ఉపన్యాసం చెప్పాను" అన్నాడు మా సారు. "అందరూ విన్నారు, తుండు దులుపుకుని లేచారు. వచ్చేటప్పుడు చూస్తే చావడి అరుగు మీద పులిజూదం. ఆ గళ్లకేసి చూసినట్టు ఒక్కడూ నాకేసి చూడలేదండీ. చెబితే విననివాళ్లు ఆడితే తెలుసుకుంటారు."

ఆయన ఆలోచన బాగుంది. బాగుంది కాబట్టే అనుమానపడ్డాను. రేపు ఇది కుదిరితే కర్నూలులో పెద్దల ముందు తన పేరు చెప్పుకుంటాడు, చెడితే వడ్రంగి చెడగొట్టాడంటాడు. అట్లాంటివి నేను చూసి ఉన్నాను. అయినా ఒప్పుకున్నాను. గొర్రు నమూనాలు చేసి చేసి నాకు విసుగొచ్చింది.

ఆట చెయ్యడం మంచానికి నులక అల్లడం లాంటిది. ఒక మూల లాగితే ఇంకో మూల వదులవుతుంది. మొదట చేసినదాంట్లో వాన పడితే అందరూ గెలిచేవారు, పడకపోతే అందరూ ఓడేవారు. మా ఆఫీసు బంట్రోతు, జీపు డ్రైవరు ఆడి చూసి, "దీనికన్నా ఆకాశం చూస్తా పండుకోవడం మేలు" అన్నారు. రెండోసారి చేసినదాంట్లో పక్కవాడితో పనే లేదు, ఎవడి చేను వాడిదే. బంట్రోతు గెలిచాడు కానీ ఎట్లా గెలిచాడో వాడికీ తెలియలేదు.

మూడోసారి ఎద్దు దగ్గర పట్టు దొరికింది. ముగ్గురు ఆటగాళ్లకు మూడు చేండ్లు, పక్కన వంక. ఒక్కొక్కరికి ఒక్క ఎద్దే. దున్నాలంటే రెండు కావాలి, కాబట్టి పక్కవాణ్ణి అడగాలి. ఎద్దు ఇచ్చినవాడి దుక్కి ఒక వంతు వెనకబడుతుంది, ఆలోపల వాడి నేల పదును ఆరిపోతుంది. కట్టకు రాళ్లు తోలాలన్నా ఆ ఎద్దులే. రాళ్లు తోలితే దుక్కి ఆగుతుంది, దున్నుకుంటే కట్ట ఆగుతుంది. చీల్చిన చింతగింజలు నాలుగు వేస్తే వాన. ఎన్ని తెల్లగా పడితే అన్ని గులకరాళ్లు వంకలోకి వస్తాయి. కట్ట లేకుంటే ఆ నీళ్లు కిందికి దూకి మట్టిబిళ్లలు ఎత్తుకుపోతాయి. కిందివాడి మట్టి అంతా పోతే వాడు తన ఎద్దును తోలుకుని ఆట వదిలిపోతాడు. అప్పుడు పైవాళ్లిద్దరూ దున్నడానికి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. కట్ట ఉంటే నీళ్లు దాని వెనక నిలుస్తాయి, అందరికీ పంట.

కట్ట వెనక నీళ్లు నిలవడానికి ఆరు గుంటలు తొలిచాను. ఏడో గుంటకు పలకలో చోటు లేదు, అక్కడ చెక్కలో కణుపు ఉంది. అందుకని ఆరు దాటిన గులకరాళ్లను పక్కకు తీసిపెట్టాలని నియమం పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. డ్రైవరు, బంట్రోతు నన్ను మూడో ఆటగాడిగా పెట్టుకుని రెండు రోజులు భోజనం మరిచి ఆడారు. ఎద్దు ఇవ్వలేదని ఇద్దరూ ఒక పూట మాట్లాడుకోవడం మానేశారు. అప్పుడు నాకు ఆట కుదిరిందని తెలిసింది. కళ్లద్దాల సాకుతోనే డ్రైవరు చేత నియమాలన్నీ ఒక కాగితం మీద రాయించి పలక వెనక అంటించాను.

ఇక రంగులు. ఆ వారం సారు కర్నూలు వెళ్లాడు. వెళ్తూ, "ఏదో ఒక ఊరు గీయండి, ఎవరి ఊరూ కాకూడదు" అని మరీ చెప్పాడు. నాకు ఎవరి ఊరూ కాని ఊరు ఎట్లా ఉంటుందో తెలియదు. ఆయన బల్ల మీద ఒక పటం ఉంది. వంక మెలిక తిరిగి చక్కగా ఉంది, చేండ్ల గీతలు తీరుగా ఉన్నాయి. ఒక్కొక్క చేను నడుమ సన్నగా ఏదో రాసి ఉంది. చేను బొమ్మ అంటే అట్లా నడుమ రాతలు ఉండాలి కాబోలు అనుకున్నాను. పూలకు రేకులున్నట్టు. ఆ రాతల ఒంపులను ఒక్కటీ పోకుండా నల్లరంగుతో పలక మీద దించాను. మూడు రోజులు పట్టింది. నా చేతి పని అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

సారు తిరిగి వచ్చింది ఆ ఊరికి పోవాల్సిన పొద్దునే. పలకను గోనెపట్టాలో చుట్టి జీపులో పెట్టుకుని నేరుగా వెళ్లాం.

చావడిలో ముగ్గురూ ఉన్నారు. చుట్టూ ఊరు. పైచేనాయనకు అరవై దాటి ఉంటాయి, తెల్లమీసాలు, ఊతకర్ర. స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు. శెట్టి తుండు పరుచుకుని కూర్చున్నాడు. కిందిచేనామె గడప పక్కన కూర్చుంది.

"ఇది జూదమా?" అన్నాడు పైచేనాయన.

"కాదండీ, నేర్చుకునే ఆట" అన్నాడు సారు.

"గింజలేసి ఆడేది జూదమే కదప్పా. మేము కూర్చుంటాము, పోలీసోళ్లు వస్తారు, చేను రాసియ్యి అంటారు. బళ్లారి పోయి కర్నూలు వచ్చినంక మా ఊరికి వచ్చినోళ్లంతా ఏదో ఒకటి రాసుకునే పోతాండారు."

నేను గోనెపట్టా విప్పి పలక పరిచాను. అందరూ వంగారు. శెట్టి ఒక్కడికే చదువు వచ్చు. ఆయన వేలు ఒక గీత మీద ఆగింది. మొహం మారింది.

"ఇది మా నాయన పేరు కదా" అన్నాడు.

అందరూ ఇంకా దగ్గరికి జరిగారు.

"ఈడ మా నాయన పేరు. పైన మీ నాయన పేరు, పెద్దాయనా. కింద ఆయమ్మ ఇంటాయన పేరు. ఇది మన వంకే. ఇవి మన చేండ్లే! మన పట్టాలు తెచ్చి జూదం పలకలో పెట్టినారు!"

సారు బల్ల మీదిది కరణం పంపిన ఆ ఊరి పటమని, నేను రేకులనుకున్నవి పట్టాదారుల పేర్లని అప్పుడు తెలిసింది. ఆ ముగ్గురు పట్టాదారులూ చనిపోయినవాళ్లు. పోయినవాళ్ల పేర్లు దించుకొచ్చి గింజల కింద పెట్టాను నేను.

అరుపులు మొదలయ్యాయి. ఒకడు జీపుకు అడ్డం పోయి నిలబడ్డాడు. సారు నన్ను పక్కకు లాగాడు. ఆయన మర్యాద ఎక్కడికో పోయింది.

"ఎవరు రాయమన్నారయ్యా నిన్ను? పైచేనాయన మనుషులెవరైనా వచ్చారా నీ దగ్గరికి? నిజం చెప్పు!"

ఊరికి మా మీద అనుమానం, ఆయనకు నా మీద. నాకు రోషం వచ్చింది. దాచుకున్నది నోట్లో నుంచి ఊడిపడింది.

"నాకు చదువు రాదు సారూ. అవి రాతలని తెలుసు, పేర్లని తెలీదు. బొమ్మని చూసి బొమ్మ వేసినాను."

నేను గట్టిగానే చెప్పినట్టున్నాను. చావడి అంతా విన్నది.

"అబద్ధం" అన్నాడు పైచేనాయన. "సర్కారోడికి చదువు రాకపోవడమేంది? చదువు రాకుంటే జీతం ఎట్ల ఇస్తారు?"

"చూద్దాం ఉండు మామా" అని శెట్టి తన సంచిలోంచి ఒక అచ్చుకాగితం తీసి నా మొహం ముందు పట్టాడు. "ఆచారీ, ఇది దేని కాగితం? చదవొద్దులే. ఏం రాసుండాదో చెప్పొద్దు. నేను సరిగ్గా పట్టుకున్నానా, తలకిందులుగా పట్టుకున్నానా, అది చెప్పు చాలు."

చూశాను. కాగితం నిండా నల్లని పురుగులు.

"సరిగ్గానే ఉండాది" అన్నాను.

చావడి పగలబడి నవ్వింది. తలకిందులుగా పట్టుకున్నాడట. నన్ను చూసి అంతమంది నవ్వడం అదే మొదలు. చేతిలో పలక ఉంది కాబట్టి సరిపోయింది, లేకుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కానీ ఆ నవ్వుతో జీపుకు అడ్డం నిలబడ్డవాడు పక్కకు జరిగాడు.

"ఆచారిని నమ్ముతా" అన్నాడు పైచేనాయన. "సారును నమ్మను. పోండి."

అప్పుడు కిందిచేనామె లేచి వచ్చింది.

"మా ఇంటాయన పేరు యాడుండాది? చూపీ అన్నా" అంది నాతో. శెట్టి చూపించాడు, నాకెట్లా తెలుస్తుంది. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు చూసింది. ఆమెకూ చదువు రాదు. తర్వాత పలక ముందు కూర్చుంది, కిందిచేను పక్క కాదు, పైచేను పక్క.

"మామా, నేను మీ నాయన చేన్లో కూర్చుంటా. నువ్వు వచ్చి నా చేన్లో కూర్చో."

"నేనెందుకు కూర్చుంటా?"

"ఆటే కద. పలకలో చేనే కద. దానికీ భయమేనా?"

ఊరంతా చూస్తోంది. ఆయన కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఆ ఆట నేను మరిచిపోలేను. ఆమె కట్టకు ఒక్క రాయి కూడా తోలలేదు. ఆయన ఎద్దు అడిగితే, "చూద్దాంలే" అంది. శెట్టి, ఆమె తోలితే తోలతానన్నాడు, అచ్చం బయట అన్నట్టే. రెండో వానకే ఆయనకు రెండు మట్టిబిళ్లలు పోయాయి. నాలుగో వానకు ఒక్కటే మిగిలింది.

"కట్టకు రాయి వెయ్యవేందమ్మా! నా చేను పోతాండాది కనపడ్డంలేదా?" అని అరిచాడు.

ఎవరూ నవ్వలేదు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చింతగింజలు నాలుగూ తీసి వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు, కొరికి చూశాడు. ఒక పక్క బరువుందేమోనని అరచేతిలో దొర్లించాడు.

"ఇందులో ఏదో మోసముండాది" అన్నాడు. "పలక నా దగ్గర పెట్టిపోండి. కనిపెడతా."

పలకను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మా సారు తిరుగు దారిలో నాతో మాట్లాడలేదు. ఇక పలకా లేదు, కాగితం మీద వేలిముద్రలూ లేవు. ఆకాశం పడమటి వైపు అప్పుడే మబ్బు కడుతోంది. మరుసటి రోజు ఆయనే నా దగ్గరికి వచ్చి, నిన్న అట్లా అడిగి ఉండకూడదన్నాడు. సరేలే అన్నాను. కానీ నన్ను మళ్లీ గారూ అని పిలవలేదు. అది నాకు నచ్చింది.

మూడు రోజులకు పైచేనాయన ఎద్దులబండిలో మా ఆఫీసుకే వచ్చాడు. పలకను నా పనిబల్ల మీద పెట్టాడు.

"ఇంట్లో అందరమూ కూర్చుని ఆడినాము. మోసం దొరికింది" అన్నాడు. "కట్టేసినాము. వాన మీద వాన పడింది. ఆరు గుంటలు నిండినాయి. ఇంకా మూడు రాళ్లు మిగిలె. శెట్టి చదివి చెప్పినాడు నీ కాగితంలో, మిగిలిన నీళ్లు పక్కకు తీసిపెట్టాలని. పక్కకు అంటే యాడికి ఆచారీ? కట్ట ఎనక వంకకు పక్కన ఉండేది ఎవరి చేను?"

నేను పలక మీది పైచేనుకేసి చూశాను.

"నా చేను కదప్పా. కట్ట నిండితే నీళ్లు ఎనక్కి తన్ని నా చేన్లో నిలుస్తాయి. నాకు తెలుసు, నలభై ఏండ్లుగా ఆ వంకను చూస్తాండా. చెప్తే సార్లు నవ్వుతారని చెప్పలేదు. మీరు పలకలో కూడా ఆ నీళ్లు ఎత్తి పారేసినారు."

చెక్కలో కణుపు సంగతి చెప్పడానికి సిగ్గేసింది. సారును పిలిచాను. ఆయన కట్ట ప్లాను తెచ్చి బల్ల మీద పరిచాడు, చాలాసేపు చూశాడు. మిగులు నీళ్లు పోవడానికి అందులోనూ దారి లేదు. గీసినవాడి పలకలో కణుపు ఎక్కడుందో నాకు తెలియదు.

"మరవ పెట్టాలి" అన్నాడు పైచేనాయన. "నా గట్టు కన్నా మూరెడు కిందికి. రాళ్లతో. నీళ్లు ఆ మట్టానికి రాంగానే దాటి వంకలోకే పోవాలి. అది కాగితంలో రాస్తే వేస్తా వేలిముద్ర. రాయకుంటే వెయ్యను."

సారు ప్లాను చుట్టి పట్టుకుని ఆ పూటే జీపులో పోయాడు. పైనుంచి మార్పుకు ఒప్పుదల రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను కణుపు పక్కనే ఉలితో సన్నగా తొలిచి మరవ చేశాను. పేర్లు గీకేశాను. చేతి పని పాడవుతుంటే బాధగానే అనిపించింది. ఆట ఇప్పుడు ఇంకా బిగుసుకుంది. మరవ ఎత్తు పెంచితే పైచేను మునుగుతుంది, తగ్గిస్తే కిందిచేను కోసుకుపోతుంది. నేను కనిపెట్టినదాంట్లో అన్నిటికన్నా మంచి ముడి అదే, దాన్ని వేసింది నేను కాదు.

పైచేనాయన, కిందిచేనామె వేలిముద్రలు వేశారు, శెట్టి సంతకం చేశాడు. పని మొదలైంది. కానీ ఆ పదకొండు రోజుల ఆలస్యానికి మొదటి వాన సగమే లేచిన కట్ట మీద పడింది. కిందిచేనులో ఒక సాలు వెడల్పు నేల పోయింది. నేను చూడడానికి వెళ్తే ఆమె ఆ కోతను చూపించింది. "నీ పలకలో మరవ ముందే తొలిచుంటే ఈ నేల ఉండేది కదన్నా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత రెండు వారాల్లో కట్ట ముగిసింది, మిగిలిన నేల నిలిచింది. ఆ పలకను ఇంకో రెండు ఊళ్లకు తీసుకుపోయాం. ఒక ఊళ్లో కుదిరింది, ఒక ఊళ్లో పలకనే ఎవరో పొయ్యిలో పెట్టారు. అక్షరాలు పట్టింది ఆ ఏడే. తలకిందుల కాగితం మళ్లీ చూడదలచుకోలేదు.

ఆ మరుసటి ఏడు ముంగారులో చావడి తలుపు బాగుచెయ్యడానికి ఆ ఊరు వెళ్లాను. మధ్యాహ్నం గట్టి వాన పట్టింది. తెరిపి ఇవ్వగానే వంక చూద్దామని నడిచాను. సన్నని తూర, తుంపర, అప్పటికీ పడుతూనే ఉంది. మరవ దగ్గర ఇద్దరు మనుషులు మోకాటి లోతు నీళ్లలో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పైచేనాయన, కిందిచేనామె.

"మరవలో రాయి తీసినావేమోనని వస్తిని మామా" అంటోంది ఆమె.

"నేను యాడ తీస్తిని? నువ్వే ఒకటి ఎక్కువ పెట్టినావేమోనని నేను వస్తిని."

"నేనేం పెట్టలేదు."

"నేనేం తీయలేదు."

ఇద్దరూ వంగి నీళ్లలో చేతులు పెట్టి రాళ్లు ఎంచారు. ఒకరి లెక్క ఒకరు ఒప్పుకోలేదు. మళ్లీ ఎంచారు. కట్ట వెనక నీళ్లు మట్టంగా నిలిచి, మరవ దాటి నెమ్మదిగా వంకలోకి దిగుతున్నాయి. పైచేనిలో నీళ్లు లేవు. కిందిచేను అంచు తెగలేదు.

పెద్దాయన తలెత్తి గట్టు మీద నన్ను చూశాడు.

"ఆచారీ, ఏం చూస్తాండావు ఆడ? దిగిరా. నువ్వు ఎంచు. ఆయమ్మ నా లెక్క నమ్మదు, నేను ఆయమ్మ లెక్క నమ్మను."

నేను చెప్పులు గట్టు మీద విడిచి నీళ్లలోకి దిగాను.